రాగి కప్పు మీది చిలుమును తోమేయాలా?

ప్రశ్న: మాది చెన్నై బెసంట్ నగర్‌లో సముద్రానికి రెండు వీధుల దూరంలో ఉన్న ఇల్లు. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. పద్నాలుగేళ్ల క్రితం మా మామగారు పోర్టికోకూ, మేడ మీది పూజగది గోపురానికీ రాగి రేకు వేయించారు. అప్పట్లో కొత్త చెంబులా మెరిసేది. ఇప్పుడు నల్లబడి, అంచుల్లో పచ్చగా చిలుము పట్టింది. కింద తెల్లగోడ మీద పచ్చని చారలు దిగాయి. వచ్చే ఫాల్గుణంలో మామగారికి సహస్ర చంద్ర దర్శన శాంతి చేస్తున్నాం. ఆలోగా కప్పు మళ్లీ తిరుమల విమానంలా మెరవాలని ఆయన కోరిక. యాసిడ్‌తో కడిగి, బఫింగ్ చేసి (యంత్రంతో రుద్ది), క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పూత వేస్తే పదేళ్ల దాకా చూసుకోనక్కర్లేదని ఒక కాంట్రాక్టరు అంటున్నాడు. ఇంట్లో గిన్నెల్లా చింతపండు, ఉప్పుతో తోమితే సరిపోదా? అసలు ఈ చిలుము రేకును తినేస్తుందా?
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలోని చివరి ప్రశ్నకే ముందుగా జవాబు చెప్పాలి, ఎందుకంటే మిగిలిన నిర్ణయాలన్నీ దాని మీదే నిలుస్తాయి. చిలుము మీ రేకును తినేయడం లేదు. ఇనుముకు పట్టేదాన్ని తుప్పు అనీ, రాగికీ ఇత్తడికీ పట్టేదాన్ని చిలుము అనీ మనవాళ్లు వేరువేరు పేర్లతో పిలిచారు. ఆ రెండింటి నడవడి కూడా వేరే. తుప్పు పొరలుగా రాలిపోతూ లోపలి ఇనుమును మళ్లీ మళ్లీ గాలికీ తేమకూ అప్పగిస్తుంది. కప్పు మీది చిలుము రాగిని గట్టిగా అంటిపెట్టుకొని ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ కింది లోహం అరుగుదలను నెమ్మదింపజేస్తుంది.

ఈ పద్నాలుగేళ్లలో మీ కప్పు మీద జరిగినది ఇది. కొత్త రాగి గాలి తగిలిన కొన్ని వారాల్లోనే పలుచని ఎర్రగోధుమ రంగు ఆక్సైడ్ పొరను తొడుక్కుంటుంది. ఆ పొర చిక్కబడేకొద్దీ గోధుమ రంగు నలుపుకు తిరుగుతుంది. ఆ తర్వాత గాలిలో ఏముందన్న దాన్ని బట్టి ఆకుపచ్చ పొర ఏర్పడుతుంది: వాహనాల, కర్మాగారాల పొగలో ఉండే గంధకం వల్ల అయితే బ్రోకాంటైట్ అనే సల్ఫేట్ లవణం, సముద్రపు గాలిలోని ఉప్పు వల్ల అయితే అటాకమైట్ అనే క్లోరైడ్ లవణం. చిలీ దేశంలోని అటాకామా ఎడారి పేరు మీద వచ్చిన ఈ రెండో ఖనిజమే బెసంట్ నగర్‌లో మీ అంచుల మీద ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. నీరు నిలిచి మెల్లగా ఆరే అంచులూ మడతలూ ముందు పచ్చబడతాయి, నిటారుగా ఉన్న భాగాలు చాలా ఏళ్లు గోధుమ రంగులోనే ఉంటాయి. ఒకే కప్పు మీద రెండు మూడు రంగులు కనిపించడం అందువల్లనే, రేకు నాసిరకం కావడం వల్ల కాదు.

ఇందులో ఎంత లోహం పోయిందో లెక్క వేసి చూస్తే మీ భయం చాలావరకు తీరుతుంది. సముద్రతీరపు గాలిలో రాగి మొదటి ఏడాదిలో కోల్పోయే మందం సాధారణంగా 1 నుంచి 3 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది, తర్వాత తర్వాత అది తగ్గుతుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మీ రేకు 0.6 మిల్లీమీటర్ల మందం అనుకుంటే అది 600 మైక్రాన్లు. న్యూయార్క్ రేవులోని స్వేచ్ఛా విగ్రహాన్ని 1886లో ఆవిష్కరించినప్పుడు దాని 2.4 మిల్లీమీటర్ల రాగి తొడుగు రాగి రంగులోనే ఉండేది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అది పచ్చబడుతుంటే రంగు వేయించాలన్న ప్రతిపాదన వచ్చింది, కానీ ఆ పచ్చదనమే లోహానికి రక్ష అని తేల్చి అలాగే వదిలేశారు. 1980లలో దాన్ని మరమ్మతు చేసినప్పుడు, నూరేళ్ల సముద్రపు గాలికి పోయిన రాగి మొత్తం మందంలో చాలా చిన్న వంతేనని తేలింది. పాడైనది లోపలి ఇనుప చట్రం.

ఇక చింతపండు సంగతి. రాగి పాత్రకు చిలుము పట్టనివ్వకూడదని మన ఇళ్లలో పెట్టుకున్న నియమం ఎంతో సరైనది, ఎందుకంటే అందులో మనం తినేదీ తాగేదీ ఉంటుంది. పులుపు తగిలితే రాగి కరిగి ఆహారంలో కలుస్తుంది కనుకనే వంటపాత్రలకు లోపల కళాయి పూయించుకునేవాళ్లం. మా అమ్మమ్మ స్నానాల నీళ్లు కాచే రాగి కాగును శుక్రవారం శుక్రవారం తోమేది. ఆ ఎర్రని మెరుపు నాకు ఇప్పటికీ కళ్లలో ఉంది కాబట్టి మీ మామగారి కోరిక నాకు బాగా అర్థమవుతుంది. అయితే కాగు మీద పని చేసిన పద్ధతి కప్పు మీద హాని చేస్తుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆక్సైడ్ పొరను కరిగిస్తుంది, ఉప్పులోని క్లోరైడ్ ఆ కరగడాన్ని వేగవంతం చేస్తుంది. పాత్రనైతే వెంటనే కుళాయి కింద పెట్టి కడిగి, గుడ్డతో తుడిచి ఎండలో బోర్లిస్తాం. కప్పు రేకులను ఒకదానిలోకి ఒకటి మడిచి అతుకుతారు. ఉప్పునీరు ఆ మడతల్లోకి దూరితే ఎన్ని బకెట్ల నీళ్లు పోసినా పూర్తిగా బయటకు రాదు. అక్కడ మిగిలిన క్లోరైడ్ తేమ తగిలినప్పుడల్లా రాగిని కొత్తగా కరిగిస్తూనే ఉంటుంది. పాత పంచలోహ, కాంస్య విగ్రహాల మీద లేతపచ్చ పొడిలా పుట్టుకొచ్చి లోహాన్ని గుంటలు చేసే జబ్బుకు కూడా మూలం ఈ క్లోరైడే. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో 1930లో నెలకొల్పిన రసాయన ప్రయోగశాల ముఖ్యంగా ఇటువంటి కాంస్యాలను కాపాడడానికే మొదలైంది. కాబట్టి కప్పు మీదికి ఉప్పు ఏ రూపంలోనూ వెళ్లకూడదు. సముద్రం తెచ్చే ఉప్పు మీకు ఎలాగూ తప్పదు.

తిరుమల విమానంలా మెరవాలని మామగారు అన్నారని రాశారు. ఆనంద నిలయ విమానం మీద రాగి రేకులున్న మాట నిజమే గాని, మన కంటికి కనిపించేది వాటి మీద చేసిన బంగారు తాపడం. బంగారానికి గాలితో, నీటితో పని లేదు కనుక అది అలాగే మెరుస్తుంది. తాపడం లేని ఒట్టి రాగి కప్పు ఏ గుడి మీదా ఏళ్ల తరబడి ఎర్రగా మెరుస్తూ ఉండదు. కేరళ గుళ్లలో గర్భగృహాల పైన పరిచిన రాగి రేకులను చూడండి, అవి ముదురు గోధుమ రంగులోనో, పచ్చగానో ఉంటాయి. ఈ మాట ఆయనకు నొప్పి కలగకుండా చెప్పవలసింది మీరే. ఒకవేళ మీ పూజగది గోపురం మీది కలశానికి బంగారు పూత ఉంటే, దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ఆ పూత మందం చాలా స్వల్పం. పాలిష్ గుడ్డ నాలుగుసార్లు గట్టిగా తిరిగితే రాగి బయటపడుతుంది. మెత్తని గుడ్డను మంచినీళ్లలో ముంచి అద్దితే చాలు.

కాంట్రాక్టరు చెప్పిన మూడు పనుల్లో మొదటిది అన్నిటికన్నా ప్రమాదకరం. ఈ పనుల్లో యాసిడ్ అంటే చాలాసార్లు స్నానాల గదులు కడిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. అది కూడా క్లోరైడే, ఉప్పుకన్నా ఎన్నో రెట్లు ఉగ్రమైనది. అతుకుల్లో టంకం ఉంటే దాన్ని కొరుకుతుంది, గోడ సున్నాన్ని తింటుంది, పని చేసే మనిషి కళ్లకూ ఊపిరికీ హాని చేస్తుంది. అది పోసిన చోట ఎవరైనా బ్లీచింగ్ పౌడరు చల్లితే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. రెండోది బఫింగ్. చిలుమును యంత్రంతో గీకి మెరుపు తేవడమంటే చిలుముతో పాటు దాని కింది లోహాన్ని కూడా కొంత తీసేయడమే. వాతావరణం ఎన్నో ఏళ్లలో తీసుకునేంత రాగిని యంత్రం ఒక్క పూటలో తీసుకుంటుంది. పలుచని రేకు ఆ వేడికి అలలు తేలుతుంది కూడా. స్టీలు పీచు, ఇనుప బ్రష్ వాడితే సన్నని ఇనుప రజను రాగిలో గుచ్చుకొని, వానపడగానే ఎర్రని తుప్పు చుక్కలై కనిపిస్తుంది.

మూడోది క్లియర్ కోట్. అది చెడ్డది కాదు, పదేళ్ల హామీయే నమ్మదగినది కాదు. తిరువాన్మియూరులో ఒక ఇంటి పోర్టికోకు నేనే దగ్గరుండి మంచి పారదర్శకమైన పూత వేయించాను. రెండు ఈశాన్య రుతుపవనాలు దాటేసరికి అంచుల దగ్గర అది లేచి, ఆ సందుల్లోంచి తేమ పాకి, మెరిసే రేకు మీద సాలెగూళ్లలాంటి నల్లని గీతలూ పచ్చని మచ్చలూ వచ్చాయి. ఒకే తీరుగా నల్లబడిన కప్పు చూడడానికి గంభీరంగానైనా ఉండేది. ఈ మచ్చల కప్పును ఆ ఇంటివారు చూడలేకపోయారు. చివరకు మిగిలిన పూతంతా ద్రావకంతో తీయించి రేకును గాలికి వదిలేశాం. అది నా తప్పు అని నేను ఇప్పటికీ అనుకుంటాను, ఎందుకంటే ఆ పూతకు ఏటేటా చూపు అవసరమని వారికి ముందే గట్టిగా చెప్పలేదు.

అందుచేత నా సలహా ఇది: కప్పు మొత్తాన్ని మెరిపించాలన్న ఆలోచన మానుకోండి. చేతికి అందేదీ, అతిథుల కంటికి ముందు కనిపించేదీ అయిన పోర్టికో ముందు పట్టీని మాత్రం మెరిపించి, దానికి పూత వేయించి, ఏటా చూసుకోండి. పైభాగాన్ని, గోపురాన్ని మంచినీళ్లతో కడిగి అలాగే ఉంచండి. నల్లని గోపురం కింద ఎర్రగా వెలిగే పట్టీ ఎంత అందంగా ఉంటుందో చేయించాక మీకే తెలుస్తుంది.

పని మొదలుపెట్టే ముందు రెండు పరీక్షలు చేయండి. రేకుకు అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకుంటే అది రాగి పూత పూసిన ఉక్కు రేకు, దాన్ని తోమితే పూత పోతుంది, అప్పుడు ఇక్కడ రాసినదేదీ దానికి వర్తించదు. రెండోది, దూదిని అసిటోన్‌లో తడిపి ఒక మూల రుద్దండి; జిగురుగా ఏదైనా ఊడివస్తే పాత పూత ఉన్నట్టు, ముందు దాన్ని తీయించాలి.

కడగడానికి పుష్య మాసపు పొడి రోజుల్లో ఒక ఉదయాన్ని ఎంచుకోండి. ఈశాన్యపు వానలు వెనకబడి ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు. కాలిన రేకు మీద ఏ ద్రావణమైనా క్షణాల్లో ఎండి చారలు కడుతుంది కనుక సూర్యుడు ఆ వైపు తిరగకముందే పని ముగించాలి. మొదట మంచినీళ్లతో, తర్వాత ఘాటులేని ద్రవపు సబ్బుతో మెత్తని నైలాన్ బ్రష్ వాడి దుమ్మునూ కాకుల, పావురాల రెట్టలనూ పోగొట్టండి. పట్టీ పైఅంచున ప్లాస్టిక్ పట్టా అంటించి, కింద తొట్టెలు పెట్టండి. లీటరు నీటికి 50 గ్రాముల సిట్రిక్ ఆమ్లం, అంటే వంటింట్లో నిమ్మ ఉప్పు అనేది, కలిపి బ్రష్‌తో పూసి, ఐదు పది నిమిషాలు ఆరిపోకుండా తడుపుతూ ఉంచి కడిగేయండి. పేరులో ఉప్పు అన్న మాట ఉన్నా నిమ్మ ఉప్పులో క్లోరైడ్ లేదు. గోధుమ రంగు పొర ఒకటి రెండు సార్లకే వదులుతుంది, పచ్చనిది మూడు నాలుగు సార్లు అడుగుతుంది. పనివాళ్లకు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. నిచ్చెన చివర నిలబడి ఎవరూ తోమకూడదు, సారవ కట్టించండి. పలుచని రేకు మీద కాలు మోపితే పడే సొట్ట తిరిగి పోదు.

ఆమ్లాన్ని విరవడానికి వంట సోడా నీళ్లు పోయమని చాలామంది చెబుతారు. పక్కన పచ్చని చిలుమును ఉంచుకోదలచిన మీరు ఆ పని చేయవద్దు. స్వేచ్ఛా విగ్రహం మరమ్మతులో లోపలి తారు పూతను వదిలించడానికి వంట సోడా పొడిని గాలితో కొట్టించినప్పుడు, అది రేకుల సందుల్లోంచి బయటకు కారి, అక్కడక్కడా పచ్చదనాన్ని నీలంగా మార్చేసింది. మీరు మంచినీళ్లతోనే కడిగిస్తూ, లిట్మస్ కాగితం కుళాయి నీటిలో ఏ రంగు చూపుతుందో రేకు నుంచి జారే నీటిలోనూ అదే రంగు చూపేదాకా ఆగకండి.

ఇలా కడిగిన రాగి అద్దంలా మెరవదు. పాలిపోయిన గులాబీ రంగులో ఉంటుంది, ఎందుకంటే పద్నాలుగేళ్లలో దాని పైభాగం సూక్ష్మంగా గరుకెక్కింది. మెరుపు కావాలంటే మెత్తగా జల్లించిన సుద్దపొడిని నీళ్లతో ముద్దచేసి, నూలు గుడ్డతో రేకు పొడవునా ఒకే దిశలో, ఓపికగా రుద్దాలి. ఇటుక పొడి, ఇసుక వద్దు. ఆనాటి మెరుపులో ముప్పాతిక వంతు వచ్చిందంటే చాలనుకోండి. మిగతా పాతిక కోసం పట్టుబడితే మళ్లీ యంత్రం దగ్గరికే వెళ్లవలసి వస్తుంది.

మెరిపించిన పట్టీని ఒట్టి చేత్తో తాకకూడదు. వేలిముద్రలోని చెమట పూత కింద చిక్కుకుంటే నెలలోనే వేలి ఆకారంలో నల్లబడుతుంది. పూర్తిగా ఆరాక, అదే రోజు, బెంజోట్రయజోల్ కలిసిన అక్రిలిక్ పూతను రెండు మూడు పలుచని వరుసలుగా వేయించండి. రాగి, కాంస్యాల కోసమే తయారైన ఇన్‌క్రాలాక్ ఈ రకానికి చెందినదే. బెంజోట్రయజోల్ రాగి ఉపరితలాన్ని పట్టుకొని ఆక్సీకరణను ఆపుతుంది, అక్రిలిక్ గాలినీ నీటినీ దూరంగా ఉంచుతుంది. పాలీయురేథేన్ పూత మాత్రం ఒప్పుకోకండి. గట్టిగా ఉంటుందని చెబుతారు గాని, పాడైన రోజున దాన్ని తీయడమే పెద్ద శిక్ష. సముద్రం ఇంత దగ్గరగా ఉన్న మీ ఇంట్లో అక్రిలిక్ పూత మూడు నాలుగేళ్లు నిలిస్తే బాగా నిలిచినట్టే. ఏటా వానలు తగ్గాక చూసి, ఎక్కడైనా లేచినట్టు కనిపిస్తే మచ్చ పాకకముందే అంత మేర తీయించి, మళ్లీ మెరిపించి, పూయించాలి. అంత శ్రద్ధ పెట్టే వీలు లేదనుకుంటే ఏ పూతా వేయించకండి. శాంతి నాటికి మెరుపు ఉండేలా వారం ముందు తోమించి, తర్వాత దాని దారిన దాన్ని నల్లబడనివ్వండి. అది కూడా మర్యాదైన పద్ధతే.

గోడ మీది పచ్చని చారలకు కారణం చిలుము కాదు, అంచు కట్టడంలోని లోపం. రాగి కప్పు మీదుగా జారే వాననీటిలో కొద్దిగా రాగి ఎప్పుడూ ఉంటుంది. ఆ నీరు గోడను తాకకుండా దూరంగా చుక్కలు రాలేలా రేకు అంచును బయటికి వంచి ఉండాల్సింది. ఇప్పుడైనా రాగితోనే చేసిన వంచిన పట్టీని అంచు కింద బిగించుకొని, ఆ తర్వాతే గోడకు రంగు వేయించండి. కింద జీఐ గట్టర్, అంటే జింకు పూత పూసిన ఇనుప గట్టర్, ఉంటే దాన్ని కూడా చూడండి. రాగి తగిలిన నీరు జింకు పూతను వేగంగా తినేస్తుంది, అల్యూమినియానికీ అదే గతి. కప్పుకు ఎక్కడైనా ఇనుప మేకులు కొట్టి ఉంటే, రాగి పక్కన ఉండడం వల్లనే అవి త్వరగా తుప్పుపడతాయి. స్వేచ్ఛా విగ్రహం చట్రానికి పట్టిన జబ్బు కూడా అదే. వాటి స్థానంలో రాగి మేకులు వేయించండి. నిజానికి మీ కప్పుకు ముప్పు ఉంటే అది ఈ మేకుల నుంచే, చిలుము నుంచి కాదు.

ఇంకొక్క విషయం చాలా ముఖ్యం. తమిళనాడులో 2003 నుంచి ప్రతి ఇంటికీ వాననీటి సేకరణ తప్పనిసరి కనుక మీ కప్పు నీరు కూడా ఇంకుడు గుంతకో, బావికో, సంపుకో చేరుతూ ఉంటుంది. కడిగే రోజున ఆ గొట్టాన్ని విప్పి పక్కకు తిప్పండి. రాగి కలిసిన ఆమ్లపు నీరు చేపలకూ మొక్కలకూ విషం. తొట్టెల్లో పట్టిన నీటిలో పొడి సున్నం కలిపితే రాగి చాలావరకు మడ్డిగా అడుగున దిగుతుంది. ఆ మడ్డిని తులసికోట దగ్గరో పెరట్లోనో పారబోయకుండా ప్రమాదకర చెత్తతో పంపించండి. మామూలు వానల్లో కూడా రాగి కప్పు మీది నీటిని తాగే సంపులోకి రానివ్వకండి.

ఇదంతా ఒప్పుకునే ముందు, కాంట్రాక్టరుతో మాట్లాడకముందే, పోర్టికో పక్కన ఎవరికీ కనిపించని చోట ఒక చదరపు అడుగు మేర పైన చెప్పిన పద్ధతిలో మీరే మెరిపించి, దాన్ని నిలువునా రెండుగా విడదీసి, సగానికి పూత వేయించి, సగాన్ని ఒట్టిగా వదిలేయండి. మూడు వారాల తర్వాత మామగారిని కుర్చీ వేసి దాని ముందు కూర్చోబెట్టండి. సముద్రపు గాలికి ఒట్టి సగం అప్పటికే గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. పూత సగం, ఒట్టి సగం, పక్కనే పాత నలుపు, మూడూ ఒకచోట చూశాక తన ఇంటి ముంగిట ఏ రంగు ఉండాలో ఆయన్నే చెప్పనివ్వండి.